మంచి కన్ను మూసిన రోజులు

మొన్న చేవెళ్ళ బడిలో ఒకటో తరగతి పిల్లవాడు మెట్ల మీద జారి మోకాలు చెక్కుకున్నాడు. ఆఫీసు గదిలోని మందుల డబ్బా తెరిచి, అంటుపట్టీ వెనక కాగితం ఊడదీశానో లేదో, ఆ జిగురు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. రబ్బరు, దూది, ఎక్కడో కొంచెం దవాఖాన. పిల్లవాడి మోకాలు మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. పక్కనున్న ఆయమ్మ "టీచర్, నెత్తురు కారుతున్నది" అని గుర్తు చేసేదాకా నేను చేవెళ్ళలో లేను. ఇరవై ఏళ్ళకు పైగా వెనకటి ఒక మధ్యాహ్నం, మొయినాబాద్‌లో మా అత్తగారి కిరాణా దుకాణం వెనక గదిలో, నా కూతురి బాగున్న కంటి మీద ఇలాంటి పట్టీయే అంటిస్తూ, అది కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆ పట్టీ సంగతి నాకు మొదట చెప్పిన మనిషి పేరు కళావతి. ఆమెను ఎరిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇప్పుడు పెద్దగా లేరు. ఎరిగినవాళ్ళలో కూడా మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. అందుకే నాకు తెలిసినంత నేను చెప్పాలి.

మా దుకాణానికి ఆనుకుని ఒక షట్టరు ఖాళీగా ఉంటే అందులోకి ఆమె కిరాయికి వచ్చింది. కంటి పరీక్షలు, కళ్ళజోళ్ళు అని బోర్డు పెట్టింది. పట్నంలో ఏదో కంటి దవాఖానలో చాలా ఏళ్ళు పనిచేసిందట, పసిపిల్లల కళ్ళు చూడడంలో చెయ్యి తిరిగిన మనిషట. అంత చెయ్యి తిరిగిన మనిషి మొయినాబాద్‌కు ఎందుకొచ్చినట్టు? మా అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. అప్పట్లో ఆ ప్రశ్న ఎవరు అడిగినా తప్పు కాదు. పట్నం పడమటి వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేచినప్పటి నుంచి కొత్త కార్లు మా రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ తిరిగేవి. మంచినీళ్ళు అడిగినవాడు తాగి, గ్లాసు ఇస్తూ సర్వే నంబరు అడిగేవాడు. పిల్లను చూడడానికని వచ్చినవాళ్ళు పిల్లకన్నా ముందు పొలం గట్లు చూసి పోయేవాళ్ళు. చిల్కూరు గుడికని దిగిన భక్తులు సైతం కొబ్బరికాయ బేరమాడుతూ పక్క జాగా ఎవరిదని ఆరా తీసేవాళ్ళు. ఎవరి ముఖం చూసినా, దీని వెనక ఇంకెవరున్నారో అని చూడడం మా ఊరికి అలవాటైపోయింది. కళ్ళు చూడడానికి వచ్చిన ఆడమనిషి నిజంగా కళ్ళు చూడడానికే వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? భూములు కొనే ఏదో పెద్ద పార్టీ ముందుగా పంపిన మనిషని, ఇంటింటి గుట్టు లాగడానికి కూర్చుందని వాడకట్టంతా తేల్చేసింది.

తమాషా ఏమిటంటే, అనుమానంలో ఆమె మా అందరికీ పెద్దక్క. షట్టరుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కొచ్చి లాగేది. మా మీటరూ ఆమె మీటరూ ఒకే గోడకు ఉండేవి. మా ఫ్యాను తిరిగితే తన మీటరు తిరుగుతుందేమోనని కాసేపు నిలబడి చూసేది. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలిచేదాకా వాణ్ణి కదలనిచ్చేది కాదు. మా మామయ్య మీసంలో నవ్వుకుని, ఈమెకు అద్దాలమ్ముకునే ఖర్మ ఎందుకు, పోలీసు నౌకరీ ఇయ్యాలె అనేవాడు. నేను కొత్తలో ఆమెకు భయపడేదాన్ని. చేవెళ్ళలో డిగ్రీ చదివి, పెళ్ళై మొయినాబాద్ వచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం ఇంకా నేర్చుకుంటున్న కోడలిని. ఆమె మా దుకాణంలో అరకిలో చక్కెర కొంటే తక్కెడ ముల్లునే చూసేది, నన్ను చూసేది కాదు.

ఇదంతా ఒక ఎత్తు, ఆమె గాజులు ఒక ఎత్తు. పొద్దున షట్టరు తీసేటప్పుడు రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు ఉండేవి, నుదుట కుంకుమ ఉండేది. కాసేపటికి ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకొస్తే, ఆమె చేతులు బోసిగా కనిపించేవి. సాయంత్రం మళ్ళీ గాజులు. ఒకపూట ముత్తైదువ, ఒకపూట కాదు, ఇదేం యవ్వారమని అత్తమ్మ నన్ను నిలదీసేది, ఆ గాజులేవో నేను తీయించినట్టు. ఆమెకు మొగుడు ఉన్నాడో లేడో, ఉంటే ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. బోసి చేతుల మనిషి పసిపిల్లలను ముట్టుకుంటే మంచిది కాదన్న మాట పుట్టింది. సురంగల్ నుంచి ఆటోలో వచ్చిన ఒక బాలింత ఆమె చేతులు చూసి గుమ్మం దగ్గర నుంచే మళ్ళిపోయింది. కళావతి ముఖంలో ఏమీ మారలేదు కానీ, ఆ రోజు చాలాసేపు తన అద్దాలు తుడిచిందే తుడుస్తూ కూర్చుంది.

నాకు ఉండబట్టక అడిగేశాను. ఆమె నా చేయి పట్టుకుని, నా గాజులు గలగలమనేలా ఆడించింది.

"మూడు నెలల పిల్ల ముంగట నేను బొమ్మ తిప్పుతుంటె ఇవి సప్పుడు చేస్తయ్ చెల్లె. పిల్ల సప్పుడుకు తల తిప్పుతది. నా బిడ్డకు మంచిగ కానొస్తున్నదని తల్లి మురుస్తది. నేను చూడాల్సింది చెవులు కాదు గదా."

అందుకే తల్లులు తెచ్చే గిలక్కాయలు కూడా లాక్కుని సొరుగులో పడేసేది. ఈ మాట అందరికీ చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తే సాకు చెప్తున్నదంటరు అంది. నేను ఇంటికెళ్ళి అత్తమ్మకు విప్పి చెప్పాను. అత్తమ్మ అంతా విని, సాకు అంది.

ఇక నా కూతురి సంగతి. పేరు సిరి. పుట్టిన కొత్తలో దాని కళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంటే నాకు భయమేసేది. పసిపిల్లలకు మొదట్లో చూపు నిలవదు, నెలలు నిండితే అదే నిలుస్తుందని అత్తమ్మ ధైర్యం చెప్పింది. ఇంటినిండా పిల్లల్ని పెంచిన మనిషి, ఆమె చెప్పింది నిజమే. కానీ మూడు నాలుగు నెలలకు నిలవాల్సిన చూపు సిరికి ఏడాది దాటినా నిలవలేదు. ఎడమ కన్ను ముక్కు వైపు ఒదిగే ఉండేది. అప్పటికి అత్తమ్మ మాట మారింది. మెల్లకన్ను అదృష్టం అంది, ఆడపిల్లకైతే మరీ అంది. ఆమె నోటి వాక్కో ఏమో, ఆ ఏడే సురంగల్‌లో మామయ్యకున్న రాళ్ళ చెలకను అడుగుతూ మొదటి కారు వచ్చింది. మేకలు కూడా మొహం తిప్పుకునే ఆ నేలకు బేరం రావడం సిరి కంటి చలవేనని ఇంటిల్లిపాదీ నమ్మారు. బ్రోకర్లు వచ్చినప్పుడల్లా మామయ్య దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. పిల్ల ఎవరి వంక చూస్తోందో తెలియక వాళ్ళు కొంచెం తడబడేవాళ్ళు కూడా. నాకూ నవ్వొచ్చేది. నా బిడ్డను అంతమంది నెత్తిన పెట్టుకుంటుంటే కాదనడానికి నాకేం పట్టింది?

కళావతి మాత్రం ముద్దు చేయలేదు. ఒకరోజు చాయ్‌పత్తా కోసం వచ్చి, గల్లాపెట్టె పక్కన కూర్చున్న సిరిని కదలకుండా చూసింది. ఈ కన్ను ఎప్పటిసంది ఇట్లున్నదని అడిగింది. మొదటి నుంచీ అంతే అన్నాను. మరి ఎవరికీ ఎందుకు చూపియ్యలేదని కొంచెం కటువుగానే అంది. నాకు చుర్రుమంది. బేరాలు లేక మా పిల్ల మీద పడింది, రేపో మాపో ఒక జత అద్దాలు అంటగడుతుంది అనుకున్నాను. మనసులో అనుకున్నది ముఖంలోకి వచ్చేసినట్టుంది, ఆమె పసిగట్టింది. కోపం తెచ్చుకోలేదు.

"నా మీద అనుమానం ఉన్నది గదా. ఉండాలె. అద్దాలమ్మెటోళ్ళ మాట నమ్మద్దు. నేను పిల్లను ముట్ట. నువ్వే చూస్కో. ఆడుకునేటప్పుడు ఒక కన్ను మూయి, జరసేపాగి ఇంకో కన్ను మూయి. ఏది మూస్తె ఏడుస్తదో చూడు."

ఆ మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీస్తుండగా సిరి ముందు మూత డబ్బాలు పోసి కూర్చోబెట్టాను. వెనక నుంచి అరచేత్తో ఎడమ కన్ను మూశాను. అది పట్టించుకోలేదు. డబ్బా మీద డబ్బా పెడుతూనే ఉంది, ఏదో పాటలాంటిది పాడుకుంటూనే ఉంది. చేయి తీసి కుడి కన్ను మూశాను. పాట ఆగిపోయింది. తల ఇటు విదిలించింది, అటు విదిలించింది, నా చేతిని గోళ్ళతో గీరింది, ఇల్లు లేచిపోయేలా ఏడ్చింది. అత్తమ్మ లేచి పిల్లను ఎందుకు ఏడిపిస్తున్నావని కేకలేసింది. నేను నమ్మలేదు. పొద్దుటి నుంచి కారప్పొడి పొట్లాలు కట్టాను, చేతికి ఆ ఘాటు ఉండి ఉంటుందనుకున్నాను. మర్నాడు చేతులు కడుక్కుని, ఈసారి చేయి కాకుండా మెత్తటి గుడ్డ మడిచి పెట్టి చూశాను. ఎడమ కన్ను మూస్తే ఆట. కుడి కన్ను మూస్తే ఏడుపు. నా బిడ్డ ఇన్నాళ్ళూ లోకాన్ని ఒక్క కన్నుతోనే చూస్తోందని, ఆ సంగతి దానికీ తెలియదని, నాకూ తెలియలేదని అప్పుడు అర్థమైంది. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

కారం సంగతి, గుడ్డ సంగతి చెప్పగానే కళావతి నా ముఖంలోకి సూటిగా చూసి, మంచిగ అనుమానపడ్డవ్ అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు తన బల్ల పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. కన్ను పుట్టుకతో వస్తుంది, చూపు రాదట. నడక నేర్చినట్టే దాన్నీ నేర్చుకోవాలట. పుట్టిన బిడ్డకు లోకమంతా మసక, పాలిచ్చే తల్లి ముఖమంత దూరమే కాస్త తెలుస్తుంది. అదీ కళ్ళూ ముక్కూ కాదు, నుదుటికీ జుట్టుకూ మధ్య గీత. రంగులు మెల్లమెల్లగా వస్తాయి. రెండు కళ్ళూ జోడెడ్లలా కలిసి నడవడం ఆ పైన. కనబడినదాన్ని చేయి చాచి సరిగ్గా అందుకోవడం ఇంకా తర్వాత. ఇదంతా కన్ను ఒక్కటే నేర్చుకునేది కాదు, మెదడు నేర్చుకునేది.

"జోడెడ్లల్ల ఒకటి ఎప్పుడు పక్కకే గుంజుతె ఏం చేస్తవ్? దాన్ని ఇడిసిపెట్టి ఒక్కదానితోనే దున్నుకుంటవ్. మెదడు గూడ గంతే. వంకర కన్ను పంపిన బొమ్మ పారేస్తది. రోజూ పారేసి పారేసి, ఇగ ఆ కన్ను మాట ఇనుడే బందు పెడ్తది. కన్నులో ఏం రోగం ఉండది. కానీ చూపు ఉండది."

అయితే ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు కదా, కాస్త పెద్దదయ్యాక అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బడి ఈడు వచ్చేసరికి మెదడు తన పద్ధతి తాను గట్టి చేసుకుంటుందని, అప్పుడు ఎంత మొత్తుకున్నా వినడం కష్టమని, ఇప్పుడు ఒక్కో నెలా లెక్కేనని చెప్పింది. సరైన అద్దాలు పెట్టి, రోజూ కొంతసేపు బాగున్న కన్ను మూస్తే, మెదడుకు గత్యంతరం లేక రెండో కన్ను మాట వింటుందట. బాగున్న కన్ను మూయడమా? మళ్ళీ అనుమానం వచ్చింది కదా అని ఆమె నవ్వింది. పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది. తోడు రమ్మంటే రానంది. తాను వస్తే అక్కడి డాక్టరుతో తానే చెప్పించానని నేను అనుకుంటానట.

ఇంట్లో చెబితే ఇల్లు అట్టుడికింది. చెలక బేరం అప్పుడే ఒక కొలిక్కి వచ్చింది. ఆషాఢం వెళ్ళి శ్రావణం రాగానే రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. కాగితాల మీద సంతకాలు పడేదాకా పిల్ల కన్ను ముట్టడానికి వీల్లేదని అత్తమ్మ ఖరాఖండిగా చెప్పింది. మా ఆయన చూద్దాంలే అన్నాడు, ఆయన అన్నిటికీ చూద్దాంలే అనేవాడు. అత్తమ్మ అంతటితో ఆగలేదు. కొంగు బిగించి పక్క షట్టరులోకి వెళ్ళింది. నేను వెనకే పరిగెత్తాను.

"నిన్నెవరు పంపిన్రు? మా పిల్ల నసీబు చెడగొట్టనీకె ఏ పార్టీ పంపింది నిన్ను?" అని అడిగింది అత్తమ్మ.

"ఎవరు పంపలె పెద్దమ్మా. భూమి ఈ ఏడు కాకుంటె వచ్చే ఏడు అమ్ముకుంటరు. కన్ను గట్ల ఆగది" అంది కళావతి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా.

"మంచి కన్ను మూస్తె గుడ్డి కన్ను బాగైతదా? కుంటికాలు బాగుగానీకె ఎవరన్న మంచికాలు కట్టేస్తరా?"

"కట్టేస్తరు. కట్టెయ్యకుంటె కుంటికాలు ఎన్నడు భూమ్మీద ఆనది."

అత్తమ్మ ఆమె బోసి చేతులు చూసింది. గాజులున్న రోజు వచ్చి మాట్లాడు అని ఒక మాట విసిరి వచ్చేసింది. నాకు తల కొట్టేసినట్టైంది. కళావతి మాత్రం చేతిలోని కళ్ళజోడు చీల బిగించుకుంటూ, పిల్లను ఎప్పుడు తీస్కపోతున్నవ్ అని నన్ను అడిగింది.

ఎవరి మాట నమ్మాలో నాకు ఆ రాత్రంతా తేలలేదు. అత్తమ్మకు నా బిడ్డంటే ప్రాణం. కళావతికి నా బిడ్డ ఎవరు? కానీ అత్తమ్మ నమ్మమంటోంది, కళావతి నమ్మవద్దు, చూసుకో అంటోంది. చూసుకోవడమే మేలనిపించింది. చిల్కూరు గుడిలో ప్రదక్షిణలు మొక్కుకున్నానని చెప్పి బయల్దేరాను. అక్కడ నూటెనిమిది ప్రదక్షిణలంటే పూట గడిచిపోతుంది, ఎవరూ అనుమానించరు. మా ఆయన స్కూటరు మీద మమ్మల్ని పట్నం బస్సు దగ్గర దింపి, ఇంట్లో అడిగితే మిమ్మల్ని గుడిలో దింపిన అంటా అన్నాడు. ఆయన చేసిన సాయాల్లో అది పెద్దది. దవాఖానలో సిరి కళ్ళలో చుక్కలు వేశారు, లైట్లు వేశారు, నానా రకాలుగా చూశారు. చివరకు డాక్టరమ్మ చెప్పింది కళావతి చెప్పినదే, ఇంకాస్త గట్టిగా. సాయంత్రం రబ్బరు నాడాతో కట్టిన బుల్లి కళ్ళజోడుతో సిరిని ఎత్తుకుని దుకాణం మెట్లెక్కితే, అత్తమ్మ నా వంకా దాని వంకా చూసి, గుడిలో ప్రసాదానికి బదులు అద్దాలిస్తున్నరా అంది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది.

పట్టీ రోజులు మొదలయ్యాయి. కుడి కంటి మీద పట్టీ, దాని మీద కళ్ళజోడు. సిరి బియ్యం బస్తాలకు గుద్దుకునేది, గడప తట్టుకుని పడేది. బాగా నడిచే పిల్లను అవిటిదాన్ని చేశానని ఇరుగుపొరుగు అమ్మలక్కలు నా ముఖం మీదే అనేవాళ్ళు. ఏడ్చి ఏడ్చి అది నిద్రపోతే నేను కూర్చుని ఏడ్చేదాన్ని. కొన్ని వారాలైనా మార్పు కనబడకపోతే కళావతికి చూపించాను. ఆమె కన్ను చూడలేదు, ముందు పట్టీ ఊడదీసి దాని జిగురు చూసింది. దానికి శనగపొట్టు అంటుకుని ఉంది. ఇది ఒకపాలి ఊడదీసి మళ్ళ అంటించిన పట్టీ అంది. నేను పెట్టేటప్పుడు దగ్గర శనగలు లేవు. నేను దుకాణంలో కూర్చునే వేళ శనగపప్పు చెరిగేది అత్తమ్మ.

నాకు ఒళ్ళు మండింది. ఇవాళ అటో ఇటో తేల్చుకుంటానని లేచాను. కళావతి కూర్చోమంది. కొట్లాడితే ముసలామె ఇంకా జాగ్రత్తగా ఊడదీస్తుంది, అంతే తప్ప మానదంది. "దొంగ చేతికే తాళం ఇయ్యి. పట్టీ పని ఆమెకే అప్పజెప్పు. నాతోని అయితలేదు, నీ దగ్గరైతేనే పిల్ల కూసుంటది అను. అబద్ధం గూడ కాదు గదా" అంది. పట్టీ ఉన్నంతసేపూ చిన్న చిన్న వాటిని ఏరే పని ఏదైనా పిల్ల చేత చేయించమని కూడా చెప్పింది. నాకు మింగుడు పడలేదు, అయినా చేశాను. నేను పోయి అలా అడిగేసరికి అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఇందులో ఏదో మతలబు ఉందని ఆమెకు తెలుసు, అదేమిటో పట్టుకోలేకపోయింది. సరేనని తల ఊపింది.

అత్తమ్మ రోజూ మధ్యాహ్నం దుకాణం బియ్యంలో రాళ్ళు ఏరేది. సిరిని పక్కన కూర్చోబెట్టుకుని, దాని ముందూ ఒక చిన్న చాట పెట్టింది. కొన్నాళ్ళకు ఒకరోజు లోపల నుంచి నన్ను పిలిచింది. అన్ని రోజుల తర్వాత ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. వెళ్ళి చూస్తే సిరి కంటికి పట్టీ ఉంది. దాని ముందు చాటలో గుప్పెడు బియ్యం, అందులో ఆవగింజంత నల్లరాళ్ళు. అది అరచేత్తో బియ్యం నిమురుతోంది తప్ప ఒక్క రాయీ తీయడం లేదు. అత్తమ్మ పట్టీ పైకెత్తింది. పిల్ల టకటకా రాళ్ళు ఏరింది. మళ్ళీ మూసింది. మళ్ళీ నిమరడమే. మొండికేసిందేమోనని అనుమానం వచ్చి, అత్తమ్మ దానికి ప్రాణమైన బెల్లం పలుకు ఒకటి ఖాళీ చాటలో పెట్టి, తీస్కో బిడ్డా అంది. చాట రంగూ బెల్లం రంగూ ఒకటే. సిరి నవ్వుతూ చేయి చాచింది. ఆ చిన్న చేయి బెల్లం పక్క నుంచి పోయింది, దాటి పోయింది, చాట అంచు తడిమి ఆగింది. లేదు నానమ్మా అంది.

అత్తమ్మ ఎవరితో అంటున్నదో తెలియనట్టు, "గింత గూడ కానొస్తలేదా దీనికి. నేను అదృష్టమంటి" అంది. ఆ పలుకు తీసి పిల్ల నోట్లో పెట్టి, దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కొంగుతో తన కళ్ళు కాదు, దాని కళ్ళజోడు తుడిచింది. ఆమె మీద నాకున్న కోపమంతా ఆ నిమిషంలో ఎటు పోయిందో తెలియదు. ఆ ఇంట్లో నా బిడ్డను నాకన్నా ఎక్కువ ప్రేమించే మనిషి ఇంకొకరున్నారని మాత్రం తెలిసింది. మర్నాటి నుంచి పట్టీ విషయంలో నేను కాస్త మెత్తబడినా ఆమె ఊరుకునేది కాదు.

శ్రావణం వచ్చింది. కొనేవాళ్ళు హద్దుల కాగితం మీద ఏదో పేచీ పెట్టి, ఫోన్ ఎత్తడం మానేశారు. బేరం చెడింది. పిల్ల కన్ను ముట్టొద్దంటే విన్నారా అని మామయ్య వాకిట్లో నిలబడి గొంతు పెంచాడు. అత్తమ్మ చాట మీద నుంచి తల ఎత్తలేదు. "చెలక ఏడికి పోతది, ఆడ్నే ఉంటది. నువ్వు కూసో బిడ్డా, రాళ్ళేరు" అంది సిరితో.

సిరి బడిలో చేరే ఏడు పెద్ద దవాఖాన వాళ్ళు ఎడమ కన్ను చాలా మటుకు దారిలో పడిందన్నారు. నేను పరుగున వెళ్ళి కళావతికి చెప్పాను. ఆమె నమ్మలేదు. పిల్లలు కంఠతా పెడతారు, వేళ్ళ సందులోంచి చూస్తారు, తల తిప్పి చూస్తారు, దవాఖానలో తొందరలో ఉంటారు అంది. సిరిని దూరంగా కూర్చోబెట్టి, కుడి కన్ను మీద దూది పెట్టి తానే పట్టీ వేసింది, అంచులు నొక్కి చూసింది. ఇంగ్లీషు E అక్షరంలా మూడు కాళ్ళున్న ఒకే గుర్తు గీసిన అట్ట పట్టుకుని, దాని కాళ్ళు ఎటున్నాయో వేళ్ళతో చూపమంది. సిరి చూపింది. అట్ట తిప్పింది. చూపింది. చిన్న గుర్తున్న అట్ట తీసింది, తలకిందులు చేసింది, తిప్పినట్టు చేసి తిప్పలేదు. సిరి ఆమెతో ఆడుకుంటున్నట్టు నవ్వుతూ అన్నీ చూపింది. కళావతి అట్ట దించి, ఇగ నమ్ముతున్న అంది. లేచి వెళ్ళి మా వైపు వీపు పెట్టి నిలబడి, అట్టలు సర్దినట్టు చేసింది. అంతలోనే నాకు ఇంకో మాటా చెప్పింది. రెండు కళ్ళూ కలిస్తే తెలిసే లోతు దీనికి పూర్తిగా రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దంది. అదీ నిజమే అయింది. సిరి ఇప్పటికీ చాయ్ పోసేటప్పుడు కెటిల్ ముక్కును గ్లాసు అంచుకు ఆనించి పోస్తుంది. ఆ కాస్త దూరం దానికి తెలియదు.

రోడ్డు వెడల్పు చేస్తారన్నప్పుడు ఆమె షట్టరు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. భర్త ఉన్నాడో లేడో నాకు చివరిదాకా తెలియలేదు, నేను అడగలేదు. ఆమె పోయాక కూడా కొందరు, చూశారా, పని అయ్యింది పోయింది, ఎవరి మనిషో అన్నారు. ఆ పని ఏమిటో వాళ్ళు చెప్పలేకపోయారు. తర్వాత నేను టీచర్ ట్రైనింగు చేసి చేవెళ్ళ బడిలో చేరాను. చిన్న తరగతులే కావాలని అడిగి తీసుకున్నాను. బోర్డు మీద రాసింది కనిపిస్తోందా అంటే పిల్లలందరూ కనిపిస్తోంది టీచర్ అంటారు. వాళ్ళు అబద్ధమాడరు. కనిపించడమంటే ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసింది అంతే. అందుకే వాళ్ళ మాట నేను నమ్మను, ఒక్కొక్కరినీ పిలిచి ఒక్కో కన్నూ మూసి చూస్తాను.

ఈ నెలలో ఒక తండ్రి బడికి వచ్చాడు. కాలనీలో ఇల్లు కొనుక్కున్న పట్నపాయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన పాపకు ఒకసారి కళ్ళు చూపించమని నేను కబురు పంపినందుకు నొచ్చుకున్నాడు. మా పాప టీవీలో చీమంత అక్షరాలు చదువుతుంది మేడం, ఊరికే అనుమానం మీకు, ఎవరైనా అద్దాల షాపు వాళ్ళు మీకేమైనా ఇస్తారా అని అడిగాడు. ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. కుర్చీ లాగి కూర్చోమన్నాను.

"అవును సార్, అనుమానమే. నా మాట కూడా నమ్మకండి. ఒక్కో కన్నూ మూసి మీరే చూసుకోండి" అని, పాపను తరగతి నుంచి పిలిచి ఆయన ముందు నిలబెట్టాను. ఆయన మెల్లగా తన చేత్తో పాప కుడి కన్ను మూశాడు.